మా చిన్నబడిని పెద్దబడిలో కలిపేయాలా? గదిగది తిరిగి రాసిన రివ్యూ

ముందే చెప్పేస్తున్నాను, నేను బయటివాణ్ని కాను. మా పాప ఈ బడిలోనే రెండో తరగతి, జూన్‌లో మూడుకి వెళ్తుంది, కాబట్టి ఎటూ మొగ్గని మనిషి రాసిన రివ్యూ అనుకుని చదవొద్దు. రెండు బళ్లూ కథోలిక మిషన్ వాళ్లవే. వరంగల్ అండర్ బ్రిడ్జికి ఒక పక్క చిన్నబడి, ఇంకో పక్క పెద్దబడి. పేర్లు రాయను. ఇందులో మెచ్చుకోళ్లతో పాటు చీవాట్లు కూడా ఉన్నాయి, రేపు పొద్దున గేటు దగ్గర సిస్టర్ ఎదురైతే మొహం చాటేసుకునే పని నాకెందుకు.

సంగతేమిటంటే, చిన్నబడి నర్సరీ నుంచి ఐదో తరగతి దాకా. పిల్లలు తగ్గుతున్నారు, ఖర్చు పెరుగుతోంది, ఎన్నాళ్లని ఇలా లాగుతాం, పెద్దబడిలో కలిపేద్దామా అని మిషన్ పెద్దలు ఆలోచనలో పడ్డారు. ఊరికే కాగితాల మీద తేల్చకుండా ఫాదర్ గారు ఐదుగురిని పిలిచి, రెండు చోట్లా తిరిగి చూసి ఉన్నదున్నట్టు చెప్పండి అన్నారు. ఆ ఐదుగురిలో నాలుగో తరగతి బాబు వాళ్లమ్మ ఒకరు, రిటైరైన హెడ్మాస్టరు సారు ఒకరు, విచారణ (గుడి పరిధిలోని క్రైస్తవ సంఘం) లెక్కలు చూసే అన్న ఒకరు, వేరే బడిలో పాఠాలు చెప్పే టీచరమ్మ ఒకరు, చివర నేను. నన్నెందుకు పిలిచారంటే నేను సివిల్ సూపర్‌వైజర్‌ని, స్లాబూ చువ్వా తెలిసినవాడు ఒకడు ఉండాలని. మార్చిలో ఒంటిపూట బడులు మొదలయ్యాక నాలుగు రోజులు తిరిగాం, చిన్నబడికి రెండున్నర రోజులు, పెద్దబడికి మిగతాది. అక్కడే కొంచెం అన్యాయం చేశామేమో కూడా.

తొందరలో ఉన్నవాళ్లకి మార్కులు ఇక్కడే చెప్పేస్తాను. చిన్నబడిలో చిన్నపిల్లల చదువుకి ఐదుకి నాలుగున్నర. మూడు నుంచి ఐదు తరగతుల చదువుకి రెండున్నర. పాత పెంకుల బిల్డింగుకి నాలుగు, దాని వెనకున్న స్లాబు బిల్డింగుకి ఒకటి, ఆ ఒకటి కూడా ఇంకా నిలబడి ఉన్నందుకు. బాత్రూంలకి రెండు. ఫీజుకి ఐదు.

లెక్కలతో మొదలుపెడతాను, ఎందుకంటే కలిపేయాలన్న మాట పుట్టిందే లెక్కల నుంచి. రిజిస్టర్లో మొత్తం 143 మంది. నర్సరీ 14, ఎల్‌కేజీ 19, యూకేజీ 21, ఒకటి 24, రెండు 23, మూడు 20, నాలుగు 17, ఐదు 5. మేం వెళ్లిన మొదటి రోజు తలలు లెక్కపెడితే 121. మిర్చి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్‌కి పోయే ఇళ్ల పిల్లలు కొందరు రారు, తమ్ముణ్నో చెల్లెనో చూసుకోవడానికి ఇంట్లో ఉండిపోతారు, అది ప్రతి ఏడూ ఉండేదేనని సిస్టర్ చెప్పింది. లెక్కల అన్న ఆ కాగితం చూడగానే ఐదో తరగతి దగ్గర వేలు పెట్టి, ఐదుగురి కోసం ఒక తరగతా, ఇంకేం చూడాలి, మూసేయొచ్చు అన్నాడు. పైకి చూస్తే నిజమే అనిపిస్తుంది. నాకూ అనిపించింది.

కానీ రిటైర్డ్ సారు అన్న మాటతో కథ తిరిగింది. మన దగ్గర సాంఘిక సంక్షేమ, గిరిజన, బీసీ గురుకులాల్లో సీట్లు మొదలయ్యేదే ఐదో తరగతి నుంచి. నాలుగు చదువుతుండగానే ఎంట్రన్స్ రాస్తారు, సీటొస్తే తిండీ బట్టా పుస్తకాలూ అన్నీ ఉచితం, హమాలీ పనిచేసే తండ్రి ఎవరైనా ఆ సీటు వదులుకుంటాడా? పోయినేడాది ఈ బడిలో నాలుగు చదివినవాళ్లు 18 మంది, అందులో పదకొండుగురు గురుకులాలకి పోయారు, ఇద్దరు ఊరు మారారు, ఐదుగురు మిగిలారు. అంటే ఐదో తరగతి ఖాళీ అవడం బడి నాణ్యత పోయి కాదు, బడి బాగా చెప్పినందుకు! పదకొండు సీట్లు రావడం మాటలా. ఆ ఒక్క గడి చూసి బడికి రోగం అంటగడితే తప్పు. అసలు చూడాల్సింది కింది గళ్లు. ఒకటో తరగతి మూడేళ్ల నుంచి 27, 25, 24. నర్సరీ 17, 15, 14. తగ్గుతోంది, నిజం, కానీ కొండ మీది నుంచి పడ్డట్టు కాదు, మెట్టుమెట్టు దిగుతున్నట్టు. అలాగని ఇంకో పదేళ్లు ఇట్లాగే నడుస్తుందని నేను సంతకం పెట్టలేను.

టీచర్లు హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్‌తో కలిపి ఏడుగురు. కేజీ తరగతులన్నిటికీ కలిపి ఇద్దరు టీచర్లు, ఒక ఆయమ్మ. ఒకటికి ఒకరు, రెండుకి ఒకరు, మూడుకి ఒకరు. నాలుగూ ఐదూ ఒకే గదిలో ఒకరే. విద్యాహక్కు చట్టం ప్రకారం ఒకటి నుంచి ఐదు దాకా 61 నుంచి 90 మంది ఉంటే ముగ్గురు టీచర్లు చాలు, ఇక్కడ 89 మందికి నలుగురు. మైనారిటీ బళ్లకి ఆ చట్టం వర్తించదని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి ఇది చట్టం కోసం చెప్పడం కాదు, కొలవడానికి ఏదో ఒక బద్ద కావాలి కదా అని. ఒకప్పుడు ఈ బడిలో ప్రభుత్వమే జీతమిచ్చే ఎయిడెడ్ పోస్టులు మూడు ఉండేవట, ఒక్కొక్కరూ రిటైరయ్యాక ఆ కుర్చీలోకి మళ్లీ ఎవరూ రాలేదు. ఇప్పుడు అందరి జీతాలూ ఫీజుల్లోంచే. రెండో తరగతి టీచరమ్మని జీతమెంతని అడిగాను, చెప్పింది, ఇక్కడ రాయాలంటే నాకే సిగ్గుగా ఉంది.

ఆ టీచరమ్మ గురించి కొంచెం ఎక్కువే రాస్తాను. ఆమె తరగతిలో మొదటి అరగంట పుస్తకం తెరవరు. పిల్లలు ముందురోజు ఇంట్లోనో బజార్లోనో విన్న ఒక మాట తీసుకురావాలి. మేం ఉన్నరోజు వచ్చిన మాటలు: బస్తా, చపాటా, కాంటా, సిగ్నల్, అత్తర్, దర్రీ. ఒక లంబాడీ పిల్ల వాళ్ల అమ్మమ్మ వాడే మాట తెచ్చింది, అది తెలుగు కాదు, అయినా బోర్డు మీద రాసింది, తెలుగు అక్షరాల్లోనే. ఒక్కో మాటనీ ముందు చప్పుళ్లుగా విడగొట్టి చప్పట్లు కొట్టిస్తుంది, తర్వాత అక్షరం, తర్వాత ఒత్తు. అత్తర్‌లో త కింద త, కాంటాలో సున్న ఎక్కడ పలుకుతుంది, బస్తాలో ఒత్తు ఏ అక్షరానికి అని ముప్పుతిప్పలు పెడుతుంది. తెలుగులో పిల్లలు పడిపోయేది ఒత్తుల దగ్గరే అని నాకు మా పాపని చూసే తెలుసు, గుణింతం గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పే పిల్ల 'ఉత్తరం' అన్న మాట దగ్గర ఆగిపోయేది. ఇప్పుడు ఆగట్లేదు.

ఇంకోటి, ఆమె దగ్గర ఒక నోటుబుక్కు ఉంది, పిల్లకొక పేజీ. రోజుకి నలుగురిని పక్కన కూర్చోబెట్టుకుని చదివించి, ఎక్కడ తడబడ్డారో రాసుకుంటుంది. 23 మంది అంటే వారంలో ఒకసారి ప్రతి పిల్ల వంతూ వచ్చేస్తుంది. నేను మా పాప పేజీ చూపించమని అడిగితే, మీ పాప ఒక్కదానిదే చూస్తానంటే చూపించను, కమిటీ పని మీద వచ్చారు కదా, అందరివీ చూడండి అంది. మొట్టికాయ వేసినట్టయింది. మంచిదే. ఇదంతా ఎవరు నేర్పారమ్మా అంటే, ప్రభుత్వ బళ్లలో తొలిమెట్టు అని పెట్టారు కదా సార్, మా ఆడబిడ్డ అక్కడ టీచరు, ఆమె చేసేది చూసి కొంత, మాకు పిల్లలు తక్కువ కాబట్టి కుదిరి కొంత అంది. ఆ చివరి ముక్క మీరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

మేం ఒక చిన్న పరీక్ష పెట్టాం. రెండో తరగతి స్థాయి తెలుగు పేరా ఒకటి, పది వాక్యాలు, మా ఐదుగురిలోని టీచరమ్మే రాసి తెచ్చింది. ఇక్కడి మూడో తరగతిలో ఆరోజు వచ్చిన 18 మందిలో 15 మంది ఆగకుండా చదివేశారు. పెద్దబడిలో మూడో తరగతిలో రోల్ నంబర్ల మీద 20 మందిని పిలిస్తే 11 మంది చదివారు. ఇది పెద్ద సర్వే ఏం కాదు, ఒకరోజు పని, పెద్దబడి పిల్లలు కొత్తవాళ్లని చూసి బెదిరి ఉండొచ్చు. ఇంగ్లీషు పేరా దగ్గర మాత్రం తిరగబడింది, పెద్దబడి పిల్లలే మెరుగు, అదీ చెప్పాలి.

ఇక మూడు నుంచి పైకి వెళ్తే చిన్నబడి చప్పబడిపోతుంది. మూడో తరగతిలో బోర్డు మీద క్వశ్చన్ ఆన్సర్ రాయడం, పిల్లలు ఎక్కించుకోవడం, అంతే. లెక్కల్లో భాగహారం చేస్తున్న పిల్లాణ్ని, 17 జామకాయలు ఐదుగురికి పంచితే ఎన్ని మిగులుతాయిరా అని అడిగితే, సార్ అది సిలబస్‌లో లేదు అన్నాడు! నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నాలుగూ ఐదూ కలిసి ఉన్న గదిలో ఆ మేడం కష్టపడుతోంది, ఆమెను తప్పు పట్టలేను, ఇటు ఈవీఎస్ చెప్తుంటే అటు ఐదుగురూ ఖాళీగా కూర్చుని పెన్సిళ్లు చెక్కుకుంటున్నారు. కంప్యూటర్లు నాలుగున్నాయి, ఒకటి వెలిగింది. లైబ్రరీ అంటే ఒక ట్రంకు పెట్టె, కానీ అందులో పుస్తకాలు నలిగిపోయి ఉన్నాయి, అంటే ఎవరో చదువుతున్నారన్నమాట.

బిల్డింగు. ముందున్నది పాతది. 1952లో వరంగల్ మేత్రాసనం (ఒక బిషప్ కింద ఉండే ప్రాంతం) ఏర్పడ్డాక, ఇటలీ నుంచి వచ్చిన పీమే అనే మిషనరీ సభ ఫాదర్లు, మొదటి బిషప్ అల్ఫాన్సో బెరెట్టా గారి కాలంలో, గుడి పక్కన బడి అన్న పద్ధతిలో కట్టుకుంటూ పోయారు కదా, ఆ తరహా కట్టుబడి. రాతి గోడలు, డంగు సున్నం, ఎత్తైన కప్పు, బెంగళూరు పెంకులు. దూలాలకి చెద ఉందేమోనని స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూశాను, ఒక్కచోట తప్ప దిగలేదు. మార్చి ఎండలో పదకొండింటికి కూడా లోపల చల్లగా ఉంది. వానాకాలం రెండు మూడు చోట్ల కారుతుందట, పెంకులు తిరగేస్తే సరిపోతుంది, ఇరవై ముప్పై వేల పని, కాకపోతే పెంకులు తిరగేసే మనుషులు దొరకడమే ఇప్పుడు కష్టం. కోతులు ఎక్కి పగలగొట్టడం ఇంకో తలనొప్పి. లంచ్ బాక్సులు కాపాడుకోవడానికి కిటికీలకి జాలీలు కొట్టారు, అయినా మేమున్నప్పుడే ఒకటి వరండాలోంచి ఒక పిల్లాడి చపాతీ లాక్కుపోయింది, వాడు ఏడవలేదు, అలవాటైనట్టుంది.

వెనకది స్లాబు బిల్డింగు, మూడు గదులు, పాతదానికి నలభై ఏళ్ల తర్వాత కట్టింది, దానికంటే ముసలిదైపోయింది. సుత్తి పిడితో కప్పు మీద తట్టుకుంటూ పోతే సగానికి సగం చోట్ల డొల్ల శబ్దం. నాలుగో తరగతి గదిలో బోర్డుకి పైన పెచ్చు ఊడి చువ్వలు కనిపిస్తున్నాయి. చువ్వ కింద కాంక్రీటు కవరు రెండు సెంటీమీటర్లు ఉండాలి, ఇక్కడ వేలి గోరంత. తడి తగిలి చువ్వ తుప్పు పడితే ఉబ్బుతుంది, ఉబ్బి కింది కాంక్రీటును నెట్టేస్తుంది, ఆ పెచ్చు ఎప్పుడు ఎవరి నెత్తిన పడుతుందో దేవుడికే తెలియాలి. పైన వాటర్ ట్యాంకు కూడా అదే స్లాబు మీద! ఇది రాసేసి ఊరుకోకుండా ఆరోజే సిస్టర్‌తో చెప్పాను, ఆ గది ఖాళీ చేసి పిల్లల్ని వరండాలో కూర్చోబెట్టండి, ట్యాంకు దించేయండి అని. సిస్టర్ పెద్దగా వాదించలేదు, మరుసటి రోజుకి నాలుగూ ఐదూ వరండాలో ఉన్నాయి. ట్యాంకు ఇంకా పైనే ఉంది, ప్లంబరు రాలేదట.

బాత్రూంలు ఆడపిల్లలకి రెండు, మగపిల్లలకి ఒకటి, మూత్రశాలలు నాలుగు. ఆడపిల్లల దాంట్లో ఒక తలుపుకి గడియ లేదు. ఒకరు లోపలికి వెళ్తే ఇంకొకరు బయట తలుపు పట్టుకుని నిలబడాలి. మా పాప ఇంటికొచ్చేదాకా ఎందుకు ఆపుకుంటుందో నాకు ఆరోజు అర్థమైంది, రెండేళ్లుగా ఫీజు కడుతున్నాను గానీ ఒక్కసారి అటు వెళ్లి చూసిన పాపాన పోలేదు. గడియ అరవై రూపాయలు, నేనే కొని బిగించాను. తాగే నీళ్లకి ఫిల్టరు పూర్వ విద్యార్థులు ఇచ్చారు, అందులో క్యాండిళ్లు ఎప్పుడు మార్చారని అడిగితే అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

మతం సంగతి కూడా అడుగుతారు కాబట్టి రెండు ముక్కలు. 143లో కథోలిక పిల్లలు 31 మంది. వాళ్లకి సత్యోపదేశం, అంటే కథోలిక మతపాఠం, మిగతావాళ్లకి అదే పీరియడ్‌లో నీతిబోధ. అసెంబ్లీలో ప్రార్థన అందరికీ ఉంటుంది. బతుకమ్మ కూడా గ్రౌండులోనే ఆడతారు, తంగేడు పువ్వు ఎక్కడ దొరుకుతుందో సిస్టర్‌కే ఎక్కువ తెలుసు. నాలుగు రోజుల్లో మాట్లాడిన తల్లిదండ్రుల్లో ఈ విషయంలో ఫిర్యాదు చేసినవాళ్లు ఒక్కరూ లేరు.

పెద్దబడికి వస్తే, గ్రౌండు పెద్దది, గదులు గట్టివి, బాత్రూంలు శుభ్రంగా ఉన్నాయి, డిజిటల్ బోర్డులు ఉన్నాయి. లైబ్రరీ ఉంది, దానికి తాళం కూడా ఉంది. ర్యాంపు ఉంది గానీ అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవు ఉండాల్సింది ఐదడుగుల్లో కానిచ్చేశారు, చక్రాల కుర్చీ దాని మీద ఎక్కదు, ఎక్కితే దిగడం ఆగదు. చిన్నబడిలో అసలు ర్యాంపే లేదనుకోండి. పిల్లలు పదో తరగతి దాకా తొమ్మిది వందల పైచిలుకు, ప్రతి తరగతికీ రెండు సెక్షన్లు. ప్రిన్సిపల్ సిస్టర్ ఓపిగ్గా అన్ని రిజిస్టర్లూ ముందు పెట్టింది, దేనికీ అడ్డం చెప్పలేదు.

ఆ రిజిస్టర్ల దగ్గరే అసలు లెక్క తేలింది. అక్కడ ఒకటో తరగతి రెండు సెక్షన్లలో 86 మంది. రెండో తరగతీ దాదాపు అంతే. మన ఒకటో తరగతి 24 మందిని తీసుకెళ్లి కలిపితే సెక్షన్‌కి 55. అరవై పేజీల దిశగా పోయే ఆ నోటుబుక్కు, రోజుకి నలుగురిని పక్కన కూర్చోబెట్టుకోవడం, చప్పట్లు కొట్టి మాటలు విడగొట్టడం, ఇవన్నీ ఆ గదిలో ఏ టీచరమ్మ వల్లా కాదు, ఎంత మంచిదైనా. లేదు మూడో సెక్షన్ పెడదాం అంటే గది కావాలి. ఖాళీ గదులు మొత్తం మూడే. కేజీకి అసలు చోటే లేదు.

అదే పై తరగతులు చూడండి. మూడులో అక్కడ 81, మన 20 కలిస్తే 101, మూడో సెక్షన్ పెడితే 34 లోపు. నాలుగులో 77, మన 17 కలిస్తే 94, మూడు సెక్షన్లకి 31, 32. ఐదులో 71, మన ఐదుగురు కలిస్తే 76, రెండు సెక్షన్లే సరిపోతాయి, 38 చొప్పున. అంటే కావాల్సింది రెండు గదులు, ఇద్దరు టీచర్లు. గదులు అక్కడున్నాయి, టీచర్లు ఇద్దరూ మన మూడో తరగతి మేడం, నాలుగూ ఐదూ చెప్పే మేడం. పైగా ఇక్కడ పెచ్చులూడే స్లాబు బిల్డింగులో ఉన్నవి సరిగ్గా ఆ తరగతులే. లెక్కల అన్న కాలిక్యులేటర్ పక్కన పెట్టి రెండు నిమిషాలు ఏం మాట్లాడలేదు. అన్నీ కలిపేస్తే ఎంత మిగులుతుందో ఆయన ముందే ఒక కాగితం వేసుకొచ్చాడు, అందులో కొత్త సెక్షన్ల టీచర్ల జీతాలు వేయలేదు. వేసి చూస్తే మిగిలేది కరెంటు బిల్లూ వాచ్‌మన్ జీతమూనూ.

దూరం రెండున్నర కిలోమీటర్లు. మ్యాపులో చూస్తే ఏముంది, ఇంతేనా అనిపిస్తుంది. ప్రాథమిక బడి ఇంటికి కిలోమీటరు లోపల ఉండాలని ప్రభుత్వ లెక్క ఎందుకు పెట్టుకుందో తెలియాలంటే, వాన పడ్డరోజు అండర్ బ్రిడ్జి దగ్గర నిలబడాలి. గట్టి వాన ఒక గంట కొడితే కింద నీళ్లు, ఆటోలు ఆగిపోతాయి, బైకులు నెట్టుకుంటూ పోవాలి. 2020 ఆగస్టు, 2023 జూలై వరదలు వదిలేయండి, అప్పుడు నగరమే మునిగింది, నేను చెప్పేది మామూలు జూలై వాన గురించి. చిన్నబడి పిల్లల్లో వందకి పైగా నడిచే వస్తారు, ఎక్కువమంది అక్కనో తమ్ముణ్నో చేయి పట్టుకుని. ఆయమ్మని అడిగితే కుండబద్దలు కొట్టినట్టు చెప్పింది: "గీడ ఉంటె నడిచొస్తరు సారు. ఆడికి పంపితె ఆటోకి నెలకు తొమ్మిది వందలు ఎవలిస్తరు? ఇద్దరు పిల్లలుంటె పద్దెనిమిది వందలాయె. గా పైసలకు ఇంకో బడే దొరుకుతది." ఆమె అన్నది నిజం. ఆటో డబ్బులు పెట్టగలిగేవాళ్లు ఎటూ ఇంకేదో బడికి పోతారు, పెట్టలేనివాళ్లు సర్కారు బడికి పోతారు, కలిపిన బడికి వచ్చేది ఎంతమంది? కాగితం మీద 143 మంది కలుస్తారు, గేటు లోపలికి వచ్చేది అందులో సగమో ఏమో.

ఫీజు తేడా దీనికి తోడు. ఇక్కడ ఏడాదికి తొమ్మిది వేలు, అక్కడ ఇరవై ఒకటి. పాత పిల్లలకి పాత ఫీజే అని ఫాదర్ గారు నోటిమాటగా అన్నారు, ఎన్నేళ్లు అంటే అది తర్వాత చూద్దాం అన్నారు. నోటిమాట వద్దు ఫాదర్, కాగితం మీద ఇవ్వండి అని నాలుగో తరగతి బాబు వాళ్లమ్మ అంది. నేను అడగడానికి జంకాను, ఆమె జంకలేదు.

చివరి మీటింగు రెండు గంటలు సాగింది, చాయ్ మూడుసార్లు వచ్చింది. రిటైర్డ్ సారు ఏదీ కదపొద్దు అంటారు, ఆయన ఈ బడిలోనే అక్షరాలు దిద్దుకున్నారట, ఆయన బాధ నాకర్థమవుతుంది గానీ ఆ స్లాబు కింద ఆయన మనవరాలిని కూర్చోబెడతారా అని అడిగితే మాట్లాడలేదు. లెక్కల అన్న అన్నీ ఒకేసారి కలిపేస్తేనే పరిపాలన సులువు అంటాడు, రెండు చోట్ల రెండు కరెంటు మీటర్లు తిరగడం దండగ అని. నేనూ ఇద్దరు ఆడవాళ్లూ కలిసి రాసింది ఇది: మూడు నుంచి ఐదు దాకా పెద్దబడికి పంపండి, ఇద్దరు టీచర్లని కూడా పంపండి, నర్సరీ నుంచి రెండు దాకా పాత పెంకుల బిల్డింగులోనే ఉంచండి, స్లాబు బిల్డింగు కూల్చేయండి, రెండేళ్ల తర్వాత ఒకటో తరగతి 20 కన్నా తగ్గితే అప్పుడు మళ్లీ కూర్చుందాం. ఆటోకి మిషన్ తరఫున సగం పెట్టుకోండి, పాత ఫీజు ఐదో తరగతి అయ్యేదాకా అని కాగితం ఇవ్వండి. పెద్దబడిలో ఒకటి, రెండు తరగతుల టీచర్లు వారానికొక పూట వచ్చి మన టీచరమ్మ తరగతిలో కూర్చోవాలని కూడా రాశాం, దానికి ప్రిన్సిపల్ సిస్టర్ ముఖం కొంచెం ముడుచుకుంది.

ఇందులో లోపం లేదా అంటే ఉంది. రెండో తరగతిలోపు చెల్లె, మూడు ఆపైన అన్న ఉన్న ఇళ్లు పంతొమ్మిది లెక్క తేలాయి, వాళ్లకి పొద్దున్నే రెండు గేట్లు. చేయి పట్టుకుని నడిపించే అన్న ఇక ఉండడు. దానికి మా దగ్గర జవాబు లేదు, ఆయమ్మ ఇంకో అరగంట ముందు వస్తానంది గానీ ఆమెకీ జీతం పెంచాలి కదా. ఇంకో లోపం నా సొంతది. ఈ ఏర్పాటుతో మా పాప ఈ జూన్‌లోనే పెద్దబడికి మారుతుంది, అది ఇంగ్లీషు బాగా చెప్పే బడి. మనసులో ఆ లెక్క వేసుకునే ఇది రాశానా అని ఆలోచించాను. మిగతా ఇద్దరిలో వేరే బడి టీచరమ్మకి ఆ లాభం లేదు, ఆమె కూడా ఇదే రాసింది, అదొక్కటే నాకు ధైర్యం.

నిర్ణయం ఇంకా రాలేదు. బిషప్ హౌస్‌లో చూసి చెప్తామన్నారు. జూన్ 12న బడి తెరిచేలోపు ఏ సంగతీ చెప్పకపోతే తల్లిదండ్రులు ఆగరు, అప్పుడు కమిటీలూ రివ్యూలూ ఏవీ అక్కర్లేకుండా బడి దానంతటదే ఖాళీ అవుతుంది, ఈ మాట మాత్రం రిపోర్టులో గీత గీసి రాశాం.

ఈ బడిలో కొత్తగా చేర్పించాలనుకునేవాళ్లకి: కేజీ, ఒకటి, రెండు అయితే కళ్లు మూసుకుని చేర్పించండి, బాత్రూం ఒకసారి మీరే వెళ్లి చూడండి. మూడు, ఆపైన అయితే మే నెలాఖరు దాకా ఆగండి. ఇప్పటికే చదువుతున్నవాళ్లు, బడి మారినా మారకపోయినా, రికార్డ్ షీట్‌లో పేరు, పుట్టినతేదీ ఆధార్‌తో సరిపోయాయో లేదో, పెన్ నంబర్ (పిల్లకొకటి ఇచ్చే శాశ్వత విద్యా నంబర్) సరిగ్గా పడిందో లేదో ఇప్పుడే చూసుకోండి, మా పాప ఇంటిపేరులో ఒక అక్షరం తేడా ఉంది, దిద్దించడానికి మూడుసార్లు తిరిగాను. వచ్చే ఏడాది ఫీజు మొత్తం ఒకేసారి కడితే తగ్గిస్తామన్నారు. నేను మొదటి టర్మ్ ఒక్కటే కట్టి రసీదు తీసుకున్నాను.